నడిమి గీతకు రమ్మన్న సార్

శ్రీకాంత్ సార్ టెన్నిస్ కోర్టు పక్కన కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చోవడం చూడగానే యమునకు కడుపులో మంట భగ్గుమంది. మంచిదే! రెండేళ్లుగా ఆ మంట ఆరిపోకుండా కాపాడుకున్నది ఈ పొద్దు కోసమే. పెనుకొండలో కొండ కింద ఎర్రమట్టి కోర్టు మీద ఆడవాళ్ల టెన్నిస్ ఫైనలు. అటుపక్క శ్రీకాంత్ కూతురు రాణి, ఇటుపక్క యమున. కప్పు కోసం యమున రాలేదు. ధర్మవరంలో ఆమె ఆటల టీచరుగా పనిచేసే బడిలో కప్పులు బీరువా నిండా మూలుగుతున్నాయి, దుమ్ము తుడిచే దిక్కు లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. హిందూపురం నుంచి బస్సు కట్టించుకుని వచ్చిన ఆ మనిషి శిష్యులు, వాళ్ల తల్లిదండ్రులు చూస్తుండగా, తనకు చేసిన మోసాన్ని ఆయన నోటితోనే ఒప్పించాలి.

ఏమంత మోసం అంటారా? వినండి మరి.

యమున నాయన పెద్దప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. నేతగాడి ఇంట్లో పుట్టిన పిల్లకు టెన్నిస్ పిచ్చి ఎలా పట్టుకుందో ఆ దేవుడికే తెలియాలి. బళ్లో ఎవరో పడేసిన పాత రాకెట్టు ఒకటి దొరికింది. దాంతో గోడకేసి బంతి కొట్టి కొట్టి, సున్నం రాలగొట్టి, అవ్వ చేత రోజూ తిట్లు తినేది. పదహారేళ్లు వచ్చేసరికి పెద్దప్పే ఆమెను వెంటబెట్టుకుని పోయి హిందూపురంలో టెన్నిస్ అకాడమీ నడిపే శ్రీకాంత్ దగ్గర చేర్పించాడు. సెలవొస్తే చాలు, పిల్ల తెల్లారే ప్యాసింజరు ఎక్కేది. పెనుకొండ వచ్చేలోపు ఒక కునుకు తీసి, హిందూపురంలో దిగి, స్టేషను నుంచి కోర్టుదాకా పరిగెత్తేది.

మొదట్లో శ్రీకాంత్ ఆమెను చూసి మురిసిపోయాడు. తన కూతురికి ఎదురు నిలబడి ఆడటానికి ఒక పిల్ల కావాలి కదా, దొరికింది. కానీ ఆ పిల్ల కొట్టే దెబ్బకు రాణి చేతిలో రాకెట్టు తిరిగిపోవడం మొదలయ్యేసరికి ఆ మురిపెం కాస్తా ఎగిరిపోయింది. అప్పుడు ఆయన కొత్త పాఠం అందుకున్నాడు.

"కొట్టినాక యాడికి పోతాండావు మే? నడిమికి రా! యా బంతి కొట్టినా సరే, ఆ నడిమి గీత తొక్కాల్సిందే. తొక్కకుండా ఇంకో బంతి ముట్టుకున్నావంటే కాళ్లు ఇరగ్గొడతా!"

టెన్నిస్ కోర్టులో మనం నిలబడే వెనక గీతకు సరిగ్గా మధ్యలో బెత్తెడు అడ్డగీత ఒకటి ఉంటుంది. సర్వీసు చేసేటప్పుడు ఎటుపక్క నిలబడాలో తెలియడానికి గీసిన గుర్తు అది, అంతే. దాన్ని పట్టుకుని ఈయన యమునకు ఒక వ్రతం చేసిపెట్టాడు.

ఇంకో ఇంటి పిల్లయితే "ఎందుకు సార్?" అని అడిగి ఉండేదేమో. యమునకు అడగాలని కూడా తోచలేదు. ఎందుకంటే ఆమె పెరిగిన ఇంట్లో నడిమి అంటే దేవుడితో సమానం. మగ్గం మీద పోగులు ఎక్కించేటప్పుడు పెద్దప్ప ముందుగా చీర వెడల్పుకు నడిమిన ఒక ఎర్రదారం గుర్తు కట్టేవాడు. అంచులు, బుటాలు, అన్నీ అక్కడినుంచే కొలిచేవాడు. "నడిమి తప్పినావంటే అంచు వంకర పోతాది పాపా" అని చిన్నప్పటినుంచి చెవిలో పోరిన మాట. అందుకే సార్ నడిమి అనగానే పిల్ల తల ఊపింది. చేతులెత్తి మొక్కకపోవడమే తక్కువ. బంతి కొట్టడం, పరిగెత్తుకొచ్చి గీత తొక్కడం, మళ్లీ కొట్టడం, మళ్లీ తొక్కడం. బూట్లు అరిగిపోయాయి గానీ ఆమె ఒక్కసారి కూడా గీత తప్పలేదు. రాణికి పాఠం మాత్రం వేరే పూట జరిగేది. ఆ పూట యమునను కోర్టు దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

జిల్లా జట్టుకు ఎంపిక ఆట పెట్టిన రోజు చివరికి మిగిలింది వాళ్లిద్దరే. యమున బలంగా కొట్టేది, పరిగెత్తుకొచ్చి గీత తొక్కేది. రాణి తిరిగి అదే మూలకు, యమున ఇప్పుడే వదిలి వచ్చిన మూలకు బంతిని వాలుగా లాగేది. ప్రతిసారీ ఒక్క అడుగు తక్కువ! రాకెట్టు చివర గాలిని కోసేది, బంతి దాటిపోయేది. పిల్ల ఏడుపు దిగమింగుకుని మరింత వేగంగా గీత దగ్గరికి పరిగెత్తింది. ఎంత వేగంగా పరిగెత్తితే అంత గట్టిగా ఓడింది.

ఆట చూడ్డానికి పెద్దప్ప కూడా వచ్చాడు. మగ్గం ఆపి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు పాపం. శ్రీకాంత్ అందరి ముందూ ఆయన భుజం మీద చెయ్యేసి నవ్వాడు.

"ఏమప్పా పెద్దప్పా, నీ కూతురి కాళ్లు మగ్గం తొక్కేదానికి సరిగ్గా సరిపోతాయి. కోర్టుకు పనికిరావు. ఇంటికి పిల్చుకొని పో, నా మాటిను."

"సరే సార్" అన్నాడు పెద్దప్ప, చేతులు కట్టుకుని.

ఓడిపోయినందుకు కాదు, ఆ 'సరే సార్' అన్నందుకు యమున రైల్లో కిటికీ వైపు తిరిగి ధర్మవరం వచ్చేదాకా ఏడ్చింది. ఆ రోజు నుంచి చాలా ఏళ్లు రాకెట్టు ముట్టుకోలేదు. తన కాళ్లే తనకు ద్రోహం చేశాయనుకుంది. ఆ గెలుపుతో రాణి జిల్లాకు ఆడింది, రాష్ట్రానికి ఆడింది, స్పోర్ట్స్ కోటాలో బెంగళూరులో ఉద్యోగంలో చేరింది. శ్రీకాంత్ అకాడమీ గోడమీద ఆ అమ్మాయి బొమ్మ నిలువెత్తున వెలిసింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, డేవిడ్ అని ధర్మవరం రైల్వేలో పనిచేసే ఆయన, సాయంత్రాలు సరదాగా టెన్నిస్ ఆడుకునే మనిషి, బళ్లో పిల్లలకు ఆటలు నేర్పుతున్న యమునను ఒకసారి తోడు రమ్మన్నాడు. వద్దు వద్దంటూనే ఆమె రాకెట్టు పట్టుకుంది. కొంచెంసేపు ఆడాడో లేదో, డేవిడ్ బంతి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏంది టీచరమ్మా, కొట్టిన ప్రతిసారీ ఆ నడిమి గీత కాడికి పరిగెత్తుతాండావు? ఎవురు నేర్పినారు నీకీ పిచ్చి?"

"నడిమికి రావాల కదన్నా?"

"అయ్యో రామా! నువ్వుండాల్సింది కోర్టుకు నడిమిన కాదమ్మా. అవతలోళ్లు కొట్టగలిగే రెండు కొసలకు నడిమిన. నువ్వు కుడి మూలనుంచి వాలుగా అవతలి మూలకు కొట్టినావనుకో, గీత దాకా రాకూడదు, ఒక అడుగు ఇటుపక్కే ఆగిపోవాల. అదే నేరుగా కొట్టినావా, గీత దాటి ఇంకో అడుగు అటు పోవాల. బంతి జరిగే కొద్దీ నీ చోటు జరగతా ఉంటాది. గీత మీదే నిలబడితే ఎట్ల చూసినా ఒక అడుగు తక్కువే కదా."

ఒక అడుగు తక్కువ. ఆ మాట వినగానే యమునకు ఎంపిక ఆటలో దాటిపోయిన బంతులన్నీ కళ్లముందు మెదిలాయి. అయినా ఊరికే ఒక మనిషిని అనుమానించడం ఎందుకని, ఆయనకూ తెలియదేమోలే అని సర్దుకుంది. సర్దుకుంది గానీ మనసు ఊరుకుంటుందా? ఆ ఆదివారమే రైలెక్కి హిందూపురం పోయి, అకాడమీ కంచె బయట కొంగు తలమీదకు లాక్కుని నిలబడింది. లోపల శ్రీకాంత్ చిన్నపిల్లల మీద గొంతు చించుకుంటున్నాడు.

"నడిమికి రావద్దురా అని ఎన్నిసార్లు చెప్పాల్రా? వాలుగా కొడితే ఇటుపక్కే ఆగు! ఆ గీత తొక్కినావంటే నీ అంత వెర్రోడు ఇంకోడు లేడు! మా రాణికి నీ వయసులోనే ఇది వచ్చేసింది, తెలుసునా?"

తెలుసు! అన్నీ తెలుసు వాడికి! తెలిసి, తెలిసి, నేతగాడి పిల్లను వెర్రిదాన్ని చేసి, దాని కాళ్లకు తానే సంకెల వేసి, ఆ పైన దాని నాయన ముందే ఆ కాళ్లను వెక్కిరించాడు. యమున కంచె తీగను ఎంత గట్టిగా పట్టుకుందంటే అరచేయి తెగింది. లోపలికి పోయి గట్టిగా కడిగేయాలనిపించింది. కానీ అరిస్తే ఏమొస్తుంది? 'ఓడిపోయినామె కడుపుమంట' అంటారు, నవ్వుతారు. గమ్మున తిరిగొచ్చి డేవిడ్ ముందు నిలబడింది. "నా కాళ్లను మొదటినుంచి నేర్పన్నా" అంది.

కొత్తది నేర్చుకోవడం తేలికే, పాతది మానడమే చావు. కొట్టగానే కాళ్లు వాటంతట అవే గీత దగ్గరికి లాక్కుపోయేవి. డేవిడ్ గీత మీద రాయి పెట్టేవాడు, చెప్పు పెట్టేవాడు, ఒకసారైతే తానే వచ్చి కూర్చున్నాడు. రెండు ఎండాకాలాలు పట్టింది. చివరికి అడ్డంగా జరుగుతూ, అవతలివాళ్ల రాకెట్టు బంతికి తగిలే ముందు చిన్న గెంతు గెంతి, ఎటు వస్తే అటు దూకడం ఆమెకు ఒంటబట్టింది. అదే సమయానికి పెనుకొండ పోటీ కబురు వచ్చింది. తన అకాడమీ పేరు మోగాలని శ్రీకాంత్ కూతుర్ని బెంగళూరు నుంచి పిలిపిస్తున్నాడని కూడా తెలిసింది. యమున ఆ పూటే పేరిచ్చింది.

ఇక ఆటకు వద్దాం. మొదటి సెట్టులో యమున డేవిడ్ నేర్పిందంతా మూటగట్టి పక్కన పెట్టింది. బంతి కొట్టింది, పరిగెత్తింది, గీత తొక్కింది. పదహారేళ్ల యమున ఎలా ఆడిందో అలాగే, అక్షరం పొల్లు పోకుండా ఆడింది. జనంలో కూర్చున్న డేవిడ్ తల పట్టుకున్నాడు. పక్కన పెద్దప్ప కళ్లు మూసుకున్నాడు. శ్రీకాంత్ ముఖం మాత్రం చాటంత అయింది. కుర్చీ ముందుకు జరుపుకుని కూతురికి గట్టిగానే చెప్పాడు.

"అదే ఆట రాణీ, ఏమీ మారలే! వచ్చిన మూలకే లాగు!"

రాణి లాగింది, గెలిచింది. సెట్టు పోయినందుకు యమునకు చీమ కుట్టినట్టయినా లేదు. చెమట తుడుచుకుంటూ తువ్వాలు చాటున పళ్లు బిగించి నవ్వుకుంది. ఎర తిను సారూ, కడుపునిండా తిను.

రెండో సెట్టులో యమున కుడి మూలనుంచి వాలుగా కొట్టి, గీత వైపు ఒక్క అడుగు వేసి ఒళ్లు అటు వంచింది. ఇంకేముంది, పోతోందనుకుంది రాణి. వదిలిన మూలకే లాగింది. యమున అక్కడే ఉంది! కదలకుండా, రాకెట్టు వెనక్కి లాగి సిద్ధంగా ఉంది. బంతి నేరుగా పక్కగీత వెంబడి దూసుకుపోయింది. రాణి చూస్తూ నిలబడిపోయింది.

"ఏదో తగిలిందిలే, ఆ మూలకే కొట్టు!" అన్నాడు శ్రీకాంత్.

మళ్లీ అదే జరిగింది, ఆ తర్వాతా అదే. రాణి తండ్రి వైపు తిరిగింది. "నాయనా, ఆమె నడిమికి వస్తాలేదు!"

"వస్తాది! నాకు తెలీదా ఆ పిల్ల సంగతి? నేను చెప్పినట్ల చేయి!"

చూశారా ఆ మొండితనం? తన చేత్తో వేసిన ముడి విడిపోయిందంటే ఆయన బుర్రకు ఎక్కడంలేదు. రాణి పాపం తండ్రి మాటకు, తన కళ్లకు మధ్య నలిగిపోయింది. సందేహంతో కొట్టిన బంతిలో పస ఏముంటుంది? యమున ఆమెను ఈ మూలనుంచి ఆ మూలకు, ఆ మూలనుంచి ఈ మూలకు తిప్పింది. జాలి పడలేదు. రెండో సెట్టు గెలిచి, మూడో సెట్టు ఊపిరి పీల్చుకోనివ్వకుండా ముగించింది. చివరి బంతి పడగానే డేవిడ్ కుర్చీ ఎక్కి ఈల వేశాడు.

గెలిచింది సరే, మోసం బయటపడిందా? పడలేదు. దాన్ని ఎలా బయటికి లాగాలో యమునకు అంతు చిక్కలేదు. కప్పులిచ్చేటప్పుడు శ్రీకాంత్ దారికి అడ్డం నిలబడి అడిగేయాలనుకుంది. ఆమెకు ఆ శ్రమ లేకుండా, నవ్వు ముఖం పెట్టుకుని ఆయనే వచ్చి మైకు లాక్కున్నాడు.

"ఈ యమున యెవురనుకున్నారు? నా శిష్యురాలే! మా రాణి గెల్చినా నాదే గెలుపు, ఈ పాప గెల్చినా నాదే గెలుపు. ఈ కాళ్లకు ఆట నేర్పింది ఈ శ్రీకాంతే!"

జనం చప్పట్లు కొట్టారు. ఎంత సిగ్గులేని మనిషి! కాళ్లు పనికిరావన్న నోటితోనే ఆ కాళ్లు నావంటున్నాడు. కానీ ఆ మాటతోనే ఆయన తానే వలలోకి నడిచొచ్చాడని యమునకు వెంటనే తట్టింది. మైకు అందుకుని చక్కగా నవ్వింది.

"నిజమే, సార్ కాడనే నేర్చుకున్నా. సార్, బంతి కొట్టినాక యాడికి రావాలని నాకు చెప్పినారో అది మీ పిల్లలకు ఒక తూరి చూపించండి. నేను బంతులేస్తా, రాండి."

పిల్లలు కేరింతలు కొట్టారు. శ్రీకాంత్ పొంగిపోయి రాకెట్టు చేతికి తీసుకుని కోర్టులోకి దిగాడు. వెనక గీత దగ్గరికి చేరాక యమున ముఖం సరిగ్గా చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు, ఏ గోతిలో కాలు పెట్టాడో.

"అంటే... అది ఆటను బట్టి ఉంటాది లేమ్మా" అని గొణిగాడు.

"ఆటను బట్టి అని మీరు చెప్పలేదే సార్! యా బంతికైనా నడిమి గీత తొక్కాల్సిందే, లేకుంటే కాళ్లు ఇరగ్గొడతా అంటిరి."

తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్న రాణి చెయ్యి ఆగిపోయింది. "గీత తొక్కమన్నాడా? నీకా?" అంది.

"అవును, అట్లే చెప్తాం" అన్నాడు శ్రీకాంత్ గబగబా. "నడిమికే రావాల. వెయ్యి బంతి!"

యమున వేసింది. శ్రీకాంత్ వాలుగా, అందంగా కొట్టాడు. కొట్టి, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ రెండడుగులు అడ్డంగా జరిగి ఆగాడు. గీత మీద కాదు, అడుగు ఇవతల. ఎర్రమట్టిలో బూటు గుర్తు దిగబడి కనిపిస్తోంది. నోరు అబద్ధమాడినా కాళ్లకు ఆ విద్య రాలేదు.

యమున బంతి తిరిగి కొట్టలేదు, రాకెట్టుతో ఆ గుర్తును చూపించింది. "ఆడ కాదు సార్. గీత మీదికి రావాల."

రెండోసారి ఆయన గుర్తు పెట్టుకుని గీత మీదికి పరిగెత్తాడు. యమున మూలకు లాగింది. అందలేదు. మూడోసారి అందలేదు. నాలుగోసారి తూలి మోకాళ్ల మీద పడ్డాడు. నవ్వుతున్న పిల్లలు నవ్వడం ఆపేశారు.

"ఏంది సార్ ఇది?" అన్నాడు గట్టు మీదినుంచి ఒక పిల్లవాడి తండ్రి వెంకటేష్. "మా వానికి నడిమికి రావద్దని కదా రోజూ తిడతాండారు? ఈ పాపకు మటుకు రమ్మని ఎట్ల చెప్పినారు?"

శ్రీకాంత్ లేచి రాకెట్టు నేలకేసి కొట్టాడు. ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"ఔను, చెప్పినా! నా బిడ్డ గెలవాలని తప్పుగా చెప్పినా! ఏం, యా నాయనైనా అదే చేస్తాడు!"

"నేను చేయలే సార్" అన్నాడు పెద్దప్ప.

గొంతు పెంచలేదు, చేతులు మాత్రం కట్టుకోలేదు. యమునకు కడుపు నిండిపోయింది. ఇది కదా కావలసింది! ఒక్క ముక్క కూడా మిగల్చకుండా అందరి ముందూ కక్కించింది. డేవిడ్ వైపు చూసి తల ఎగరేసింది.

రాణి మెల్లగా నెట్టు దగ్గరికి నడిచొచ్చింది. చేతిలో రెండో బహుమతి కప్పు ఉంది.

"నాకు తెలీదు యమునా. నీకట్ల చెప్పినాడని మా అమ్మతోడు నాకు తెలీదు. ఒక్కటి చెప్పు. ఆ ఎంపిక పొద్దు నేను గెల్చింది... నేనే గెల్చినానా?"

అబద్ధం చెప్పడంలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆ ఒక్క గెలుపు మీదే ఆ పిల్ల బతుకంతా కట్టుకుంది. "బాగా ఆడినావులే" అంటే చాలు, ఊపిరి తీసుకుని పోయేది. అనడానికి యమున నోరు కూడా తెరిచింది. ఆ పిల్ల భుజం మీదుగా శ్రీకాంత్ కనిపించాడు. జీవితంలో మొదటిసారి ఆయన కళ్లు యమునను బతిమాలుతున్నాయి. అనమ్మా, ఒక్క మంచిమాట అనమ్మా అని.

"లేదు" అంది యమున. "నువ్వు గెలవలేదు."

రాణి తల ఊపింది. వెనక్కి నడిచి, కప్పును తండ్రి పక్కన మట్టిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని, అకాడమీ బస్సు వైపు చూడకుండా స్టేషను రోడ్డు పట్టింది. శ్రీకాంత్ "రాణీ, రాణీ" అని పిలుస్తూ గేటుదాకా పోయాడు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.